కిటికీ కోసం కట్టిన ఇల్లు

ఈ నెల గోడ పత్రికకు ప్రముఖుల జీవితాలు రాయాలని అనుకోగానే మా క్లాసులో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను ఒకరు, సరోజినీ నాయుడును ఇంకొకరు, మేరీ క్యూరీని మరొకరు తీసేసుకున్నారు. నేను సిసిలీ సాండర్స్ పేరు చెప్పాను. ఆమె ఎవరే అని నలుగురు ఒకేసారి అడిగారు. డాక్టర్లలో, నర్సుల్లో ఆమె పేరు వినని వాళ్ళు తక్కువ. మనలాంటి ఆర్ట్స్ వాళ్ళకే కొత్త. రెండేళ్ళ కిందటి వరకు నాక్కూడా తెలియదు. మా అజ్జి వల్ల తెలిసింది. కాబట్టి ముందు అజ్జి సంగతి కొంచెం చెప్పి, తర్వాత సిసిలీ దగ్గరికి వెళ్తాను.

మాది బీదర్ జిల్లాలో హుమ్నాబాద్ దగ్గర దుబల్గుండి. నాన్న వాళ్ళది కన్నడం. అమ్మ వాళ్ళది జహీరాబాద్ వైపు, తెలుగు. రొట్టె కన్నడంలో అడిగి, పప్పు తెలుగులో అడిగే ఇల్లు మాది. నాన్న వాళ్ళమ్మను అజ్జి అంటాం. అజ్జికి కన్నడం, కొంచెం బజారు ఉర్దూ తప్ప ఇంకో భాష రాదు. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా అజ్జికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. గడ్డ సంగతి సిగ్గుకొద్దీ చాలా కాలం ఎవరికీ చెప్పలేదు. తెలిసేసరికి జబ్బు వెన్నెముకకు పాకింది. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో వీపుకు కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ను మన దగ్గర అందరూ కరెంటు పెట్టడం అనే అంటారు కదా. ఆ మాట విని అజ్జి నిజంగానే షాక్ కొడతారేమోనని భయపడింది.

డాక్టరు గారు తెలుగులో, ఇంగ్లీషులో మాట్లాడారు. నాన్నకు ఆసుపత్రిలో నోరు పెగలదు. అందుకని నన్ను మధ్యలో నిలబెట్టారు. జబ్బు నయమయ్యే దశ దాటిపోయిందని, ఇప్పుడు పెట్టే కరెంటు నొప్పి తగ్గడానికేనని డాక్టరు గారు నాతో చెప్పారు. అజ్జి నా మొహంలోకి చూసి ఏమన్నారని కన్నడంలో అడిగింది. పది రోజులు కరెంటు పెడితే అంతా నయమైపోతుందన్నారు అని చెప్పాను. నాన్న తల వంచుకున్నాడు. డాక్టరు గారికి కన్నడం రాదు, నేను ఏం చెప్పానో ఆయనకు తెలియదు. ఆయన ఫైలు మూసి తర్వాతి వాళ్ళను పిలిచారు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. నేను ఆడింది మంచి అబద్ధమే అనుకున్నాను.

ఇక సిసిలీ కథ.

సిసిలీ సాండర్స్ 1918 జూన్ 22న లండన్‌కు ఉత్తరాన బార్నెట్ అనే ఊళ్ళో పుట్టింది. ముగ్గురు పిల్లల్లో పెద్దది, తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు. తండ్రి ఇళ్ళూ స్థలాల వ్యాపారంలో బాగా సంపాదించాడు. డబ్బుకు లోటు లేదు కానీ అమ్మానాన్నలకు ఒకరంటే ఒకరికి పడేది కాదు. చివరికి విడిపోయారు కూడా. సిసిలీని రోడీన్ అనే హాస్టల్ స్కూల్లో వేశారు. మనిషి పొడుగు, బిడియస్తురాలు, వెన్ను కొంచెం వంకర. అక్కడ ఆమెకు పెద్దగా స్నేహితులు లేరు. నలుగురిలో ఉండి కూడా బయటి మనిషిలా ఉండడం ఎలా ఉంటుందో ఆమెకు చిన్నప్పుడే తెలిసింది.

1938లో ఆక్స్‌ఫర్డ్‌లో చేరింది. చదివింది మనలాగే ఆర్ట్స్: రాజనీతి, తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం. మరుసటి ఏడాదే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. బయట అంత జరుగుతుంటే లైబ్రరీలో కూర్చోలేక 1940లో చదువు మధ్యలో ఆపేసి నర్సింగ్‌లో చేరింది. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో పెట్టిన నర్సింగ్ స్కూల్ అది. ఆ పని సిసిలీకి సరిగ్గా సరిపోయింది. కానీ 1944లో శిక్షణ పూర్తయ్యేసరికి వెన్నునొప్పి బాగా ముదిరింది. రోగుల్ని ఎత్తి పడుకోబెట్టే పని ఇక చేయకూడదన్నారు డాక్టర్లు. ఇష్టపడి నేర్చుకున్న పని చేతికొచ్చినట్టే వచ్చి జారిపోయింది.

ఆమె మళ్ళీ ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళి డిగ్రీ పూర్తి చేసింది. రోగులకు దగ్గరగా ఉండే ఇంకో పని వెతుక్కుంది. అప్పట్లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో రోగి ఇంటి పరిస్థితి, డబ్బు ఇబ్బందులు, డిశ్చార్జి అయ్యాక ఎక్కడుంటాడు, ఎవరు చూసుకుంటారు అన్నవన్నీ చూడడానికి ఒక ఉద్యోగి ఉండేవాళ్ళు. 1947లో సిసిలీ ఆ ఉద్యోగంలో చేరింది. అక్కడే ఆమె జీవితం మలుపు తిరిగింది.

ఆమె చూసిన రోగుల్లో డేవిడ్ టాస్మా అని ఒకాయన ఉన్నాడు. పోలండ్ యూదుడు. వార్సా నుంచి వచ్చి లండన్‌లో హోటల్లో వెయిటర్‌గా పనిచేశాడు. వయసు 40. ఆపరేషన్‌తో నయం కాని క్యాన్సర్. నా అన్నవాళ్ళు ఆ దేశంలో ఎవరూ లేరు. తనది కాని భాషలో, తనది కాని ఊళ్ళో, కిక్కిరిసిన వార్డులో పడుకుని చనిపోవడానికి ఎదురు చూస్తున్నాడు. సిసిలీ దాదాపు రెండు నెలలపాటు ఆయన్ను చూడడానికి వెళ్తూనే ఉంది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళంటే, ఆయనలాంటి వాళ్ళు చివరి రోజులు గడపడానికి ఎలాంటి చోటు ఉండాలన్నదే. నొప్పి తగ్గించే మందుతో పాటు, తన గురించి చెప్పుకోవడానికి ఒక మనిషి, కొంచెం సమయం ఉండే చోటు.

ఒక రోజు ఆయన ఏదైనా ఓదార్పు మాట చెప్పమన్నాడు. ఆమె పుస్తకం తీసి చదవబోతే వద్దన్నాడు. నీ బుర్రలో, నీ గుండెలో ఉన్నది చెబితే చాలని ఆయన ఉద్దేశం. 1948 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. తన దగ్గరున్న 500 పౌండ్లు సిసిలీకి రాసిపెట్టాడు. నువ్వు కట్టబోయే ఇంట్లో నేనొక కిటికీగా ఉంటానని చెప్పి వెళ్ళాడు. అప్పటికి ఇల్లూ లేదు, స్థలమూ లేదు. ముందు కిటికీ వచ్చింది. దాని చుట్టూ ఇల్లు కట్టడానికి ఆమెకు 19 ఏళ్ళు పట్టింది.

ఆ 19 ఏళ్ళలో ఆమె చేసిన పనే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. జాలిపడి విరాళాలు పోగుచేసి వెంటనే ఒక ఆశ్రమం పెట్టేయలేదు. ముందు తనకేం తెలియదో చూసుకుంది. సాయంత్రాలు సెయింట్ ల్యూక్స్ అనే చోట జీతం లేకుండా నర్సు పని చేసింది. చివరి దశ రోగుల కోసం ఉన్న పాత ఆసుపత్రి అది. అక్కడ నొప్పి వచ్చి అరిచేదాకా ఆగకుండా, వేళ ప్రకారం మార్ఫిన్ నోటి ద్వారా ఇవ్వడం చూసింది. ఆ వార్డులో రోగులు మామూలుగా మాట్లాడుకుంటూ, తింటూ కనిపించారు. పెద్ద ఆసుపత్రుల్లో తాను చూసింది ఇది కాదు. అక్కడ నొప్పి భరించలేని స్థితికి వచ్చాక ఇంజెక్షన్ ఇచ్చేవారు. మత్తులో పడుకునేవాళ్ళు. దాని ప్రభావం దిగగానే మళ్ళీ అరుపులు.

తాను పనిచేసే సర్జన్ నార్మన్ బారెట్‌తో ఈ సంగతులు చెప్పి, ఇలాంటి రోగుల కోసమే పనిచేస్తానంది. డాక్టరువి కాకపోతే నీ మాట ఎవరూ వినరని, చివరి దశ రోగుల్ని వదిలేసి వెళ్ళేది డాక్టర్లే కాబట్టి నువ్వు డాక్టరువే కావాలని ఆయన సలహా ఇచ్చాడు. 1951లో 33 ఏళ్ళ వయసులో ఆమె మెడిసిన్‌లో చేరింది. చుట్టూ తనకన్నా పదీ పదిహేనేళ్ళు చిన్న పిల్లలు. ఆర్ట్స్ చదివిన మనిషి కెమిస్ట్రీ, ఫిజిక్స్ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. 1957లో డాక్టర్ అయింది. అప్పటికి ఆమెకు నలభై దగ్గరపడుతున్నాయి. మనం 19 ఏళ్ళకే ఇప్పుడు గ్రూపు మార్చుకుంటే ఆలస్యమైపోయిందని ఏడుస్తుంటాం!

1958 నుంచి తూర్పు లండన్‌లో సెయింట్ జోసెఫ్స్ అనే చోట పని చేసింది. ఐర్లండ్ సన్యాసినులు నడిపే ఆసుపత్రి అది. బీదవాళ్ళు, చివరి దశ క్యాన్సర్ రోగులు వచ్చేవాళ్ళు. సిస్టర్లకు ప్రేమ ఉంది, ఓపిక ఉంది. మందుల విషయంలో కచ్చితమైన పద్ధతి లేదు. సిసిలీ ఒక్కో రోగికీ ఒక రికార్డు పెట్టింది. ఎక్కడ నొప్పి, ఎంత, ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని గంటలకు ఇచ్చారు, తర్వాత ఎలా ఉంది అన్నీ రాసింది. అలా వెయ్యి మందికి పైగా రోగుల వివరాలు పోగయ్యాయి. వాళ్ళ మాటల్ని టేపులో రికార్డు చేసింది.

ఆ కాగితాల్లోంచి తేలిన విషయాలు చాలా సాదాగా ఉంటాయి. మార్ఫిన్ దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. కాబట్టి నాలుగు గంటలకొకసారి ఇవ్వాలి, నొప్పి మళ్ళీ లేచేదాకా ఆగకూడదు. నొప్పి రాకముందే మందు పడితే తక్కువ మోతాదు చాలు, మనిషి మత్తులో ఉండడు. నొప్పి కోసం జాగ్రత్తగా ఇచ్చినప్పుడు రోగి మందుకు బానిస అవుతాడన్న భయానికి ఆధారం లేదు. అసలు మందు కోసం గడియారం చూస్తూ బతిమాలుకునేలా చేసేది ఆలస్యంగా ఇవ్వడమే. ఇప్పుడు వింటే ఇందులో ఏముందనిపిస్తుంది. అప్పటి డాక్టర్లకు మాత్రం ఇది చదువుకున్నదానికి పూర్తిగా వ్యతిరేకం.

రెండో విషయం ఇంకా ముఖ్యం. రోగుల మాటలు వింటుంటే ఆమెకు ఒకటి అర్థమైంది. నొప్పి ఎక్కడమ్మా అని అడిగితే వీపులో అని మొదలుపెట్టి, ఇంటి అద్దె, పిల్లల చదువు, భర్తకు వంట రాకపోవడం, దేవుడు ఎందుకిలా చేశాడన్న ప్రశ్న, అన్నీ కలిపి చెప్పేవాళ్ళు. శరీరానిది, మనసుది, సంసారానిది, నమ్మకానిది, ఈ నాలుగూ కలిసిందే రోగి నొప్పి అని ఆమె చెప్పింది. దానికి సంపూర్ణ నొప్పి అని అర్థం వచ్చే పేరు పెట్టింది. ఒకదాన్ని వదిలేసి ఇంకోదాన్ని తగ్గించలేమంది.

ఇది చదివినప్పుడు నాకు మన భాషే గుర్తొచ్చింది. తెలుగులో నడుం నొప్పి అంటాం, మనసు నొచ్చుకుంది అనీ అంటాం. రెండింటికీ ఒకటే ధాతువు. కన్నడంలో నోవు అన్నా అంతే, ఒంటికీ మనసుకూ ఒకటే మాట. అజ్జి నోవు అంటే డాక్టరు గారికి నేను నొప్పి అని చెప్పాను. ఆయన వీపు ఎక్స్‌రే చూశారు. ఆ మాటలో మిగతా సగం మా ఇద్దరి చెవులకూ పడలేదు.

మళ్ళీ కథలోకి. 1959 నుంచి సిసిలీ తన సొంత ఆసుపత్రి కోసం పని మొదలుపెట్టింది. ఉత్తరాలు రాసింది, ఉపన్యాసాలు ఇచ్చింది, అమెరికా వెళ్ళి అక్కడి నర్సులకు, డాక్టర్లకు తన రోగుల ఫోటోలు చూపించింది. అక్కడ ఆమె మాటలు విన్న ఫ్లోరెన్స్ వాల్డ్ అనే నర్సింగ్ కాలేజీ డీన్ తర్వాత అమెరికాలో ఈ ఉద్యమానికి నాయకురాలైంది. చివరికి 1967లో లండన్ ఆగ్నేయ భాగంలో సిడెన్‌హామ్ అనే చోట సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరుచుకుంది. క్రిస్టఫర్ అంటే క్రైస్తవుల్లో ప్రయాణికులను కాపాడే సెయింట్. 54 మంచాలు. తోట ఉంది. బంధువులు వచ్చి కూర్చోవచ్చు, పిల్లలు రావచ్చు. ముందు వైపు పెద్ద కిటికీ పెట్టారు. అది డేవిడ్ టాస్మా కిటికీ. 1969 నుంచి నర్సులు రోగుల ఇళ్ళకు కూడా వెళ్ళడం మొదలుపెట్టారు.

సిసిలీ దీన్ని చనిపోయేవాళ్ళ ఆశ్రమంగా కట్టలేదు. మొదటి రోజు నుంచే మూడు పనులు కలిపి పెట్టింది: సేవ, పరిశోధన, శిక్షణ. సేవ ఒక్కటే అయితే ఆ 54 మంచాల దగ్గరే ఆగిపోయేది. లండన్‌లోనే వేల మంది మామూలు ఆసుపత్రుల్లో నొప్పితో చనిపోతున్నారు. వాళ్ళందర్నీ సిడెన్‌హామ్‌కు తేలేం. కానీ అక్కడి డాక్టర్లను ఇక్కడికి పిలిచి నేర్పి పంపించొచ్చు. అదీ ఆమె లెక్క. డాక్టర్లు, నర్సులు, విద్యార్థులు దేశదేశాల నుంచి వచ్చి కొన్ని వారాలు, నెలలు ఉండి నేర్చుకుని వెళ్ళారు. రాబర్ట్ ట్వైక్రాస్ అనే యువ డాక్టరు 1971లో పరిశోధకుడిగా చేరాడు. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో చాలామంది మార్ఫిన్ కన్నా హెరాయిన్ మేలని నమ్మేవారు. నోటి ద్వారా ఇచ్చేటప్పుడు రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదని ఆయన పరిశోధనలో తేలింది. హెరాయిన్ దొరకని మన లాంటి దేశాలకు ఇది పెద్ద మేలు. మామూలు మార్ఫిన్ చాలన్న ధైర్యం వచ్చింది.

కెనడా నుంచి వచ్చి నేర్చుకున్న బాల్ఫోర్ మౌంట్ అనే సర్జన్ మాంట్రియల్‌లో 1975లో ఇలాంటి వార్డు పెట్టాడు. దానికి పాలియేటివ్ కేర్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో పాలియం అంటే పైన కప్పుకునే వస్త్రం. చలిని ఆపలేం కానీ గొంగడి కప్పొచ్చు కదా, అలాంటి భావం. తెలుగులో దీన్నే ఉపశమన చికిత్స అంటున్నాం. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతి ప్రకటించింది. చిన్న నొప్పికి మామూలు మాత్రలు, తగ్గకపోతే కొంచెం బలమైనవి, అప్పటికీ తగ్గకపోతే మార్ఫిన్. నోటి ద్వారా, గడియారం ప్రకారం అన్న సూత్రాలు అందులోకి వచ్చాయి. 1987లో బ్రిటన్ దీన్ని వైద్యంలో ఒక ప్రత్యేక శాఖగా గుర్తించింది.

సిసిలీ సొంత జీవితం గురించి కూడా చెప్పాలి. 1963లో ఒక గ్యాలరీలో ఒక చిత్రం నచ్చి కొనుక్కుంది. గీసింది మరియన్ బోహుష్ అనే పోలండ్ చిత్రకారుడు. అలా పరిచయమైంది. ఆయన చిత్రాలు హాస్పిస్ గోడల నిండా పెట్టింది. 1980లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. అప్పుడు ఆమెకు 61 ఏళ్ళు, ఆయన ఆమెకన్నా పదిహేడేళ్ళు పైనే పెద్ద. ఆయన 1995లో చనిపోయేదాకా ఆమే చూసుకుంది. ఆమె గట్టి క్రైస్తవురాలు, కానీ హాస్పిస్‌లోకి ఏ మతం వాళ్ళయినా, ఏ నమ్మకం లేని వాళ్ళయినా రావచ్చు. నొప్పి భరించలేనివాళ్ళకు ప్రాణం తీసే హక్కు ఇవ్వాలన్న వాదనను జీవితాంతం వ్యతిరేకించింది. ముందు నొప్పి తీసి చూడండి అన్నది ఆమె వాదం. బ్రిటన్ రాణి 1989లో ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది. 2005 జులై 14న 87 ఏళ్ళ వయసులో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. తాను కట్టిన సెయింట్ క్రిస్టఫర్స్‌లోనే.

ఇక మన సంగతి. 1986లో ముంబయిలో శాంతి అవేదన సదన్ పేరుతో దేశంలో మొదటి హాస్పిస్ వచ్చింది. 1993లో కేరళలోని కాలికట్ మెడికల్ కాలేజీలో డాక్టర్ రాజగోపాల్, ఆయన మిత్రులు ఉపశమన చికిత్స క్లినిక్ మొదలుపెట్టారు. ట్వైక్రాస్ మన దేశానికి చాలాసార్లు వచ్చి నేర్పారు. కానీ ఒక అడ్డంకి ఉండేది. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల మార్ఫిన్ తెప్పించుకోవడానికి ఆసుపత్రులకు చాలా లైసెన్సులు కావాల్సి వచ్చేది. చాలామంది తెప్పించడమే మానేశారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించి విదేశాలకు ఎగుమతి చేసే దేశం మనది. దాంతో తయారయ్యే మందు మన రోగికే అందలేదు. 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి కొంత తేలిక చేశారు.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రి మనందరికీ తెలుసు. 1955లో రేడియం ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైంది. అప్పటికి మా బీదర్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. మరుసటి ఏడాది నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. హద్దు మారింది కానీ క్యాన్సర్ అంటే మా వైపు వాళ్ళు ఇప్పటికీ చాలామంది హైదరాబాద్ బస్సే ఎక్కుతారు. ఆ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. డాక్టర్లకు, నర్సులకు అక్కడ శిక్షణ ఇస్తారు.

రేడియేషన్ డాక్టర్లకు ఈ శిక్షణ ఎందుకంత అవసరం? మన దగ్గర రోగులు చాలామంది జబ్బు ముదిరాకే వస్తారు, మా అజ్జిలాగా. వాళ్ళకు సర్జన్ చేయగలిగింది తక్కువ. కరెంటు డాక్టరు దగ్గరికే పంపుతారు. రోజూ వరసగా వారాల తరబడి రోగిని చూసేది ఆయనే. మూడేళ్ళ పీజీలో మిషన్లు, కిరణాల లెక్కలు, మోతాదులు బాగా నేర్పుతారు. మార్ఫిన్ ఎలా మొదలుపెట్టాలి, దానితో వచ్చే మలబద్ధకానికి మొదటి రోజు నుంచే మందు ఎలా ఇవ్వాలి, నయం కాదన్న మాట ఎలా చెప్పాలి అన్నది విడిగా నేర్చుకోకపోతే రాదు.

కిరణాల లెక్క కూడా ఈ శిక్షణతో మారుతుంది. ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి 30 గ్రేలు పది రోజుల్లో పెట్టొచ్చు, 8 గ్రేలు ఒకే రోజులో పెట్టొచ్చు. మామూలు ఎముక నొప్పి తగ్గడంలో రెండూ దాదాపు ఒకటేనని చాలా పరిశోధనల్లో తేలింది. ఒక్కసారి పెట్టినవాళ్ళలో కొందరికి తర్వాత మళ్ళీ పెట్టాల్సి రావొచ్చు. ఏది మంచిదో డాక్టరే నిర్ణయించాలి. కానీ రోగి ఎంత దూరం నుంచి వస్తుంది, ఎక్కడ పడుకుంటుంది, ఇంకెన్ని రోజులున్నాయి, ఆ రోజులు ఎక్కడ గడపాలనుకుంటుంది అని అడిగితేనే ఆ నిర్ణయం సరిగ్గా ఉంటుంది. మా అజ్జి పది రోజులు ఆసుపత్రి దగ్గర సత్రంలో పడుకుంది. ఆమెకు పది రోజులే సరైనవేమో, నేను డాక్టర్ని కాదు. కానీ మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు, మేమూ అడగలేదు.

ఆరో రోజు రాత్రి అజ్జి నొప్పితో నిద్రపోలేదు. ఇచ్చిన మాత్రలు నొప్పి వచ్చినప్పుడు వేసుకోమన్నారు. రెండు వేసినా తగ్గలేదు. పొద్దున ఓపీలో ఇంకో డాక్టరమ్మ ఉన్నారు. రేడియేషన్‌లోనే పీజీ చేస్తున్నారట. ఉపశమన చికిత్సలో కొన్నాళ్ళు శిక్షణకు వెళ్ళి వచ్చారట. ఆమె స్టూలు లాక్కుని అజ్జి పక్కన కూర్చున్నారు. మార్ఫిన్ మాత్రలు రాసి, ఒక కాగితం మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి ఏ వేళకు ఏ మాత్రో గీసిచ్చారు. తర్వాత నాతో, అజ్జికి అన్నిటికన్నా దిగులు దేని గురించో అడగమన్నారు. అజ్జి చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పు, నీ మాట కలపకు అన్నారు.

అడిగాను. అజ్జి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇది నయం కాదని తనకు మొదటి రోజే తెలుసని చెప్పింది. నా మొహం చూసి తెలుసుకుందట. పిల్ల భయపడుతుందని తాను ఊరుకుందట. తొగరి కోతలలోపు ఇంటికి వెళ్ళాలని ఉంది, సత్రంలో పోతానేమోనని భయంగా ఉంది అని చెప్పింది. తొగరి అంటే కంది. నేను ఏడుస్తూనే అదంతా తెలుగులో చెప్పాను. ఆ పూట నేను ఒక్క మాట కూడా మార్చలేదు.

ఆ డాక్టరమ్మ పెద్ద డాక్టరు గారితో మాట్లాడి మిగిలిన రోజులు త్వరగా ముగిసేలా చూశారు. మేం దుబల్గుండి వెళ్ళిపోయాం. గడియారం ప్రకారం మాత్రలు వేశాం. అమ్మ రాత్రి అలారం పెట్టుకునేది. అజ్జి మంచం ముందు గదిలో కిటికీ పక్కన వేశాం. వచ్చేపోయేవాళ్ళను పలకరించింది. ఎవరికి ఎంత బాకీ ఉందో నాన్నకు చెప్పింది. తన వెండి కడియాలు చిన్నత్తకు ఇచ్చేసింది. నాకు రొట్టె తట్టడం నేర్పాలని చూసి, రాదని తేల్చేసింది. రెండు నెలల పది రోజులు ఉంది. కోతలు అయ్యాకే పోయింది.

ఈ పద్ధతి మీకెవరు నేర్పారని ఆ రోజు నేను అడిగితే డాక్టరమ్మ తన శిక్షణ సంగతి చెప్పి, దీని వెనక సిసిలీ సాండర్స్ అనే ఆవిడ ఉంది, వీలైతే చదువు అన్నారు. అలా చదివాను. ఆ డాక్టరమ్మ సిసిలీని ఎప్పుడూ చూడలేదు. మా అజ్జి లండన్ పేరు కూడా విని ఉండదు. అయినా ఒకరి నుంచి ఒకరికి నేర్పుకుంటూ వచ్చిన పని మా సత్రం దాకా వచ్చింది. శిక్షణ అంటే ఏంటో నాకు అప్పుడే తెలిసింది.

మన క్లాసులో చాలామంది ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఒక భాష, ఆసుపత్రికి ఇంకో భాష. తోడు వెళ్ళేది ఎక్కువగా మనమే, ఆడపిల్లలమే. మనల్ని మధ్యలో నిలబెడతారు. అప్పుడు డాక్టరు చెప్పింది ఇటు, పెద్దవాళ్ళు చెప్పింది అటు సరిగ్గా చేరవేయడం చిన్న పని కాదు. ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో వాళ్ళనే అడగండి. వినడం ఇష్టం లేదంటే ఆగిపోవచ్చు. కానీ వాళ్ళ బదులు మనమే నిర్ణయించేసి అబద్ధం చెబితే, వాళ్ళు మన కోసం నటించాల్సి వస్తుంది. మా అజ్జి ఆరు రోజులు నా కోసం నటించింది. ఆ ఆరు రోజులు ఇప్పుడు నేను తిరిగి ఇవ్వలేను. మీకు ఆ పరిస్థితి వస్తే మొదటి రోజే అడగండి.